నాయక్ మాట వచ్చేదాకా

తొంభైల్లో దోహాలో నేను డ్రైవర్ని. అల్ హిలాల్‌లో ఒక విల్లాలో ఉండే అమెరికా ఇంజనీరును రోజూ ఆఫీసుకు దింపేవాణ్ణి. అతను అమెరికా ఆదివాసుల్లో అపాచీ తెగవాడు. నేను రాయలసీమ తండావాణ్ణని తెలిసిన రోజునుంచి వెనక సీటు వదిలేసి నా పక్కనే కూర్చునేవాడు.

వాళ్ల తెగకు సొంత సర్కారు ఉందట. ఒక్కో ప్రాంతంవాళ్లు ఓటేసి తమ మనిషిని కౌన్సిల్‌కు పంపుతారు. చైర్మన్ను అందరూ కలిసి ఎన్నుకుంటారు. కోర్టు వాళ్లదే, పోలీసులూ వాళ్లవాళ్లే. ముసలివాళ్లకు మధ్యాహ్నం వేడి భోజనం, ఆస్పత్రికి పోను బండి. "మా అమ్మను తీసుకుపోయేది ఆ బండే" అన్నాడు. నాకు కడుపు మండింది. మా తండాలో జబ్బుమనిషిని మంచంతో సహా రోడ్డుదాకా మోయాలి.

"అయితే మీకు మీరే రాజులు" అన్నాను.

"ఏం రాజులం? పెద్ద పనేదైనా చెయ్యాలంటే వాషింగ్టన్ సరే అనాలి."

"అంటే మీకూ కఫీలున్నాడు!"

కఫీలంటే మాకు వీసా ఇచ్చిన యజమాని. వాడు సరే అంటేగానీ దేశం దాటలేం. అపాచీ డ్యాష్‌బోర్డు మీద చరుస్తూ నవ్వాడు.

ఆ రోజుల్లోనే నా బామ్మర్దికి కబురొచ్చింది, తల్లి బతకదని. వాడు ఒక అరబ్బు ఇంట్లో వంటవాడు. రంజాన్ దగ్గరపడింది. వాడి కఫీల్ మొదట "మాఫీ" అన్నాడు, అంటే అరబ్బీలో లేదు పొమ్మని. వీడు ఏడిస్తే మెత్తబడి, "తిరిగొస్తాడని మీవాళ్లు ఇద్దరు వచ్చి పూచీ పడితే పంపిస్తా" అన్నాడు.

శుక్రవారాలు మెసైమీర్‌లో ఒక గదిలో మా తండావాళ్లమంతా కలిసేవాళ్లం. అక్కడ చెప్పాను. "అపాచీల మాదిరి చేతులెత్తి ఇద్దర్ని ఎన్నుకుందాం. ఇయ్యాళ వీనికోసం, రేపు ఇంకొకనికోసం, వాళ్లే పోయి మాట్లాడతారు."

"కార్లో పక్కన కూసుంటేనే మామ అమెరికోడైపోయినాడు" అన్నాడొకడు. నవ్వారు. నవ్వి, అందరూ నాయక్ కొడుకు వైపు చూశారు. ఇక్కడ ఒక ఆఫీసులో టీలు పోసే మనిషి. కానీ వాళ్ల నాయన తండాకు పెద్ద గనక మా గదిలో మొదటి పళ్లెం ఆయనకే.

"నాయన్ను అడక్కుండా నేనెట్ల చెయ్యెత్తేది? కబురు పంపుతా."

నేను ఎత్తాను. ఇంకెవరూ ఎత్తలేదు. నా బామ్మర్ది చేతులు కూడా ఒళ్లోనే ఉన్నాయి.

"ఒరే, సచ్చిపోతాండేది నీ తల్లిరా!"

"నాయక్‌ను కాదని పోతే, రేపు మా అమ్మను మోసేదానికి తండాలో ఎవరొస్తారు బావా?"

ముసలితనంలో అక్షరాలు నేర్చినవాణ్ణి, మెత్తగా రాయడం నాకు చేతకాదు. వాడన్న మాట నిజం. అందుకే ఇప్పటికీ మండుతుంది.

తండాకు ఫోను లేదు. మండలంలో ఫోను బూత్‌వాడికి చెప్తే, వాడు ఎవరితోనో చెప్పి పంపాడు. నాయక్ ఏదో పెళ్లికి పోయాడన్నారు. వచ్చాక ఆలోచిస్తానన్నాడన్నారు.

"మీ కౌన్సిల్ ఏం తేల్చింది?" అని అపాచీ రోజూ అడిగేవాడు. నేను గేరు మార్చేవాణ్ణి.

రంజాన్ నడుమ మా అత్త పోయింది. ఆ సాయంత్రం కూడా నా బామ్మర్ది కఫీల్ ఇంట్లో ఇఫ్తార్‌కు మటన్ వండాడు.

తర్వాతి శుక్రవారం నాయక్ మాట వచ్చింది. ఎన్నుకోండి, తప్పేం లేదన్నాడట. కొడుకు చెయ్యెత్తాడు. వెంటనే గదంతా చేతులే. నా బామ్మర్ది కూడా ఎత్తాడు.

నేను లేచి చెప్పులు వెతుక్కున్నాను.