బార్ కౌంటర్ పెద్దావిడ

మా టిఫిన్ సెంటర్ ఉన్న బిల్డింగ్‌ని మాకు అమ్మిన పెద్దావిడ మంగళవారం పొద్దున పోయింది. చట్నీ రుబ్బుతుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. మిక్సీ ఆపేసి, ఎవరేమనుకుంటే నాకేం, బోరున ఏడ్చాను.

పెన్సిల్వేనియాలోని మా బుల్లి ఊళ్లో ఒకప్పుడు ఇదొక్కటే బార్. ఆవిడ మామగారు తెరిచారట. తర్వాత భర్త, ఆయన పోయాక ఈవిడ. మోకాళ్లు మొరాయించాక మూసేసింది. మేం న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో ఉద్యోగాలు మానేసి, ఉన్నదంతా ఊడ్చి దీన్ని కొన్నాం. "ఏమైనా మార్చుకో హనీ, ఆ కౌంటర్ మాత్రం తీయకు" అంది పెద్దావిడ.

మా అత్తగారు ఒప్పుకుంటేగా! "మందు పోసిన చెక్క మీద ఇడ్లీలు పెడతావుటే?" అని ఒకటే గొడవ. చివరికి పసుపునీళ్లు చల్లి, ఆ కౌంటర్ మీదే స్టవ్ పెట్టి పాలు పొంగించమన్నారు. పొంగించాం. పొంగిన పాలు మాడి పొగ లేచింది, అలారం మోగింది, ఫైరింజన్ వచ్చేసింది! దిగినవాళ్లంతా ఊరివాళ్లే, ఆ బార్‌లో ఏళ్లతరబడి తాగినవాళ్లే. వాళ్ల వెనకాలే పెద్దావిడ.

కౌంటర్ మీద వేడికి పాలిష్ పోయి తెల్లగా ఇంత మచ్చ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ దాన్ని తడిమి చూసి, "మా మామగారు చుట్టతో కాల్చాడు, మా ఆయన ఇస్త్రీపెట్టెతో. ఓనరన్నాక ఒక మచ్చ పెట్టాలిలే" అని నవ్వేసింది.

అయినా మొదట్లో ఊరివాళ్లు ఒక్కరూ లోపలికి రాలేదు. దుకాణం మునిగిపోతుందని నాకు నిద్రపట్టేది కాదు. అప్పుడావిడ రోజూ పొద్దున్నే వచ్చి, బయటికి కనపడేలా కూర్చుని, పెద్ద కప్పులో సాంబారు తాగేది. ఆవిణ్ని చూసి ఒక్కొక్కళ్లే వచ్చారు. "వచ్చినవాణ్ని ముందే పలకరించకు, చేతికేదైనా ఇవ్వు. మాటలు వాడే మొదలెడతాడు" అని నేర్పింది. ఆ మాట నేనిప్పటికీ తప్పను.

అంత్యక్రియల నుంచి వచ్చేసరికి దుకాణం ముందు జనం. తలుపు తీసి, అందరికీ కాఫీ కలుపుదామని కౌంటర్ వెనక్కి వెళ్లబోయాను. ఫైరింజన్ నడిపే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇవాళ నువ్వు చేయకూడదు. వాళ్లాయన పోయినరోజు ఆవిణ్నీ మేం చేయనివ్వలేదు. చావు జరిగిన ఇంటివాళ్ల చేత పని చేయిస్తామా?"

ఇంటివాళ్లంటే మేమే!

నన్ను ఇవతల కూర్చోబెట్టారు. అవతల నలుగురు పెద్ద పెద్ద మగాళ్లు, డికాక్షన్‌లో పాలెన్ని పోయాలని వాదులాడుకుంటూ, సగం ఒలకబోసిన స్టీలు గ్లాసుని మెల్లగా నా వైపు జరిపారు.