పైన ఏది రాయాలన్న తగువు

నేను చదివింది నాలుగో తరగతి. జగ్గయ్యపేటలో మా కూతురింట్లో ఉండగా, ఇంజనీరింగ్ చదివిన ఇద్దరు ఒక ప్రోగ్రాంలో ఏ ముక్క ముందు రాయాలో తేల్చుకోలేక మూడు రోజులు పాడుచేయడం కళ్ళారా చూశాను. ఒకతె నా మనవరాలు. రెండోవాడు హైదరాబాదులో ఉండే దాని పైఅధికారి. ఇది ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని పనిచేస్తుంది. ఉద్యోగం ఖాయమో కాదో ఆ శుక్రవారం తేలాలి. రాసిన ప్రోగ్రాం మాత్రం అప్పటికి రెండుసార్లు తిరిగొచ్చింది.

"తప్పు రాశావా?" అన్నాను.

"తప్పేం లేదమ్మమ్మా, బాగానే పనిచేస్తంది. ఫంక్షన్ల వరస బాలేదంట."

ఒక్కో చిన్న పనికీ పేరు పెట్టి విడిగా రాసుకున్న ముక్కను ఫంక్షన్ అంటారట.

"వరస మారిస్తే మిషన్ ఆగిపోద్దా?"

"ఆగదు. దానికి ఎట్టాగైనా ఒకటే."

"మరెవరి కోసమే ఈ తగువు?"

"చదివేవాళ్ల కోసమంట."

జీతమిచ్చి మరీ ఇలాంటి తగువులు ఆడిస్తారన్నమాట. పగలంతా అది పనిచేసే గదిలో ఏసీ నడుస్తూనే ఉంది.

చిన్నవి ముందు, అసలుది చివర అని కాలేజీలో చెప్పారంటూ శుక్రవారం పొద్దున అది పైఅధికారికి ఘాటుగా రాయబోయింది. ఆపి, ముందు నాకు చదివి వినిపించమన్నాను. తెలుగులో చెప్పుకుంటూ పోయింది. తేదీ సరిచూడు, ఖాళీలు తీసెయ్యి, పేరు వెతుకు... ఏడోదాకా విన్నాను.

"ఇదంతా ఎందుకే?"

"ఆస్పత్రిలో టోకెన్ ఇవ్వడానికి. అది చివర్లో ఉంటది."

నందిగామలో మా అత్త గుర్తొచ్చింది. చింతపండు నానెయ్యి, నువ్వులు వేయించు, కొబ్బరి కోరు అని ఒక్కొక్కటే పురమాయించేది. వండేదేమిటో చివరిదాకా చెప్పేది కాదు. గుత్తివంకాయలోకని ముందే చెబితే అన్నీ మెత్తగా నూరేదాన్ని. చెబితే పెత్తనం పోతుందని ఆవిడ భయం. ముతకగా నూరానని పదిమందిలో తిట్టేది. ఆ తెలివితక్కువతనాన్నే ఇప్పుడు ఫీజు కట్టించుకుని పాఠంగా చెబుతున్నారు.

"టోకెన్ ఇచ్చేది పైన పెట్టు. దానికేది ముందు కావాలో అది దాని కింద. ఆయనడిగేది అదేగా?"

"అదేలే. కానీ ఆయన చెప్పే తీరు..."

"ఆయనా చెప్పడం చేతకానోడే. వరస బాలేదన్న మాట తప్ప ఇంకో ముక్క రాశాడా? నువ్వేమో అడగవు. ఉద్యోగం పోయాక తీరిగ్గా పోట్లాడుదువుగాని."

మొహం ముడుచుకుని పావుగంటలో మార్చింది. మధ్యాహ్నానికి సరేనన్నారు. సాయంత్రానికి ఉద్యోగం ఖాయమైంది.

"ఇప్పుడు గబగబా చదువుకోవచ్చని ఆయన మెచ్చుకున్నాడమ్మమ్మా" అంది మురిసిపోతూ.

పావుగంట పనికి మూడు రోజులు, పైన మెచ్చుకోలొకటి. ఏసీ కట్టేసి వచ్చి అన్నం తినమన్నాను.