గీకేసిన నంబర్లు

సెట్టు కాల్చింది సాయన్న. పేరు పడింది కమాలుద్దీన్ మీద.

జగిత్యాలలో సాయన్న రేడియో షాపులో కమాలుద్దీన్ పని నేర్చుకునేవాడు. తాటిచెట్లెక్కి కల్లు గీయడం మానేసి సౌదీ పోయిన పెగడపల్లి మొగిలయ్య అక్కడినుంచి ఒక పెద్ద స్టీరియో మోసుకొచ్చాడు. అక్కడి కరెంటు నూటపది, మనది రెండువందల ఇరవై. ముందు సెట్టు వెనకనున్న చిన్న స్విచ్చు మార్చాలి. సాయన్న చూడకుండానే ప్లగ్గు పెట్టాడు. పొగ లేచింది.

"గీడు ముట్టినదల్లా బుగ్గిపాలే!" అని నలుగురిలో కమాలుద్దీన్‌ను మెడబట్టి గెంటాడు.

ఆ తర్వాత జగిత్యాలలో ఏ షాపూ అతణ్ని గడప తొక్కనివ్వలేదు. కోరుట్లలో బీడీల కార్ఖానా పక్కన బల్ల వేసుకుంటే, ఆ మాట అతనికంటే ముందే వచ్చి కూర్చుంది. టార్చిలైట్లు తప్ప ఎవరూ ఏమీ ఇవ్వలేదు. చివరికి పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెట్టాడు. చెడ్డపేరు కడుక్కుంటే ఊళ్లో ఉంటాడు, లేదంటే సౌదీలోని దమ్మాంలో ఇటుకలు మోస్తాడు.

అలాంటి రోజుల్లో సాయన్న వచ్చాడు, తువ్వాలలో సెట్టు చుట్టుకొని. అదే సెట్టు.

"మల్ల కాలింది రా కమాల్. మొగిలయ్య మళ్ల సౌదీ పోతుండు. ఆయన మాటలు నింపి పంపే క్యాసెట్లు ఆయన పెండ్లాం దేవవ్వ దీంట్లనే ఇంటదట. బాగైతే గని కదల అంటుండు."

"నువ్వే చెయ్యరాదు ఉస్తాద్?"

సాయన్న సెట్టును బల్ల మీదికి తోశాడు. మూత విప్పగానే కమాలుద్దీన్‌కు సంగతి తెలిసింది. లోపలి ట్రాన్సిస్టర్ల మీది నంబర్లన్నీ గరుకు కాగితంతో గీకేసి ఉన్నాయి. తాను బాగుచేసిన సెట్టు ఇంకొకడి చేతిలో పడితే వాడికి అంతుచిక్కకూడదని సాయన్న అలవాటు. ఇప్పుడేది ఏదో తనకే గుర్తులేదు. సర్క్యూటు కాగితం ఎవరి దగ్గరా లేదు.

"ఎవలు తవ్విన బొందల వాళ్లే వడ్డరు," అన్నాడు కమాలుద్దీన్. "చేస్త. గని గప్పుడు కాల్చింది ఎవలో మొగిలయ్య ముంగట చెప్పాలె."

సాయన్న మెడ గోక్కున్నాడు. "చెప్త తియ్యి."

ఎడమవైపంతా మసి. రెసిస్టర్ల మీది రంగు గీతలు కూడా మాడిపోయాయి. కుడివైపు బతికే ఉంది. స్టీరియోకు రెండు వైపులూ కవలలు, ఇటున్నదే అటూ ఉంటుంది. కుడివైపున ఒక్కో భాగానికి ఒక కాలు ఊడదీసి కొలిచి, ఎడమవైపు అదే కొలతది వేశాడు. నంబరు లేని ట్రాన్సిస్టరు ఏ రకమో మీటరు చెబుతుంది గాని ఎంత కరెంటు మోస్తుందో చెప్పదు. పాత మైకు సెట్టులోంచి ఊడదీసినవి అందాజుగా అతికించాడు.

కరెంటు దారిలో ముందొక బల్బు కట్టాడు. లోపల తప్పుంటే అది నిండుగా వెలుగుతూనే ఉంటుంది. ఒప్పయితే ఒకసారి వెలిగి మందగిస్తుంది.

అంతలో, సెట్టు కోసం కోరుట్లకే వచ్చి ఎదురు హోటల్‌లో కూర్చున్న మొగిలయ్య ఇటు వచ్చాడు. "గీడే గదా గప్పుడు కాల్చింది! మళ్ల గీని దగ్గరికే తెచ్చినవా సాయన్నా?"

సాయన్న నేల చూశాడు. కమాలుద్దీన్ సెట్టు వెనక స్విచ్చు చూసి, ప్లగ్గు పెట్టాడు.

బల్బు భగ్గుమంది. మొగిలయ్య వెనక్కి గెంతాడు. వెలుగు తగ్గలేదు. కమాలుద్దీన్ ప్లగ్గు మీద చెయ్యి వేశాడు, పీకలేదు. మెల్లగా, మొండిగా, బల్బు ఎర్రటి తీగంత అయింది. క్యాసెట్టు పెడితే డప్పు రెండు వైపులా మోగింది.

"అరె, పలికింది!" మొగిలయ్య సాయన్న భుజం చరిచాడు. "నువ్వు పక్కన కూసున్నవ్ గనుక నడిచింది, లేకుంటే గీడు మళ్ల కాలవెట్టేటోడే!"

కమాలుద్దీన్ సాయన్న నోటివైపే చూశాడు. సాయన్న సెట్టును తువ్వాలలో చుట్టాడు.

"పా మొగిలన్నా, బస్సు పోతది."

కమాలుద్దీన్‌కు వీసా వచ్చింది. మగ్గాలు బందై గల్ఫుకు పోతున్న సిరిసిల్ల పోరగాళ్లతో కిక్కిరిసిన బొంబాయి బస్సు కోరుట్ల బస్టాండులో ఆగినప్పుడు సాయన్న మళ్లీ కనిపించాడు. "పోకు రా కమాల్. షాపుకు రా," అన్నాడు.

కమాలుద్దీన్ సంచి లోపలికి విసిరి, మెట్టు మీదినుంచి వెనక్కి తిరిగాడు.

"నేనేసిన వాటి నంబర్లు గీకలేదు ఉస్తాద్. మల్ల కాలితే సదువుకో. ప్లగ్గు పెట్టేముందు ఎనుక స్విచ్చు సూడు."