ఒతీలియా అక్క తాళంచెవి

మా సరిహద్దు ఊళ్ళో దేశంలో ఉండే కాగితాల్లేని వలస మనిషి తనంతట తాను పోలీసు స్టేషన్ మెట్టెక్కడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఒతీలియా అక్క ఎక్కింది! పొద్దున్నే మా పొలం కూలీలకి తోపుడు బండి మీద తమాలెలు, అదే మొక్కజొన్న పిండి పొట్లాలు, వేడివేడిగా అమ్ముతుంది. ఆ బండినెవడో ఎత్తుకెళ్ళాడు.

ఊరి పోలీసులు ఇక కాగితాలడగరు, వలసల పోలీసులకి పట్టివ్వరు అని మొన్నే ఊరి సభ తీర్మానం చేసింది. ఎవరు నమ్ముతారు? భయమున్న చోటికి వెళ్ళేటప్పుడు ఇంటి తాళంచెవి పక్కింటోళ్ళకిచ్చి పోవడం మా అలవాటు.

"ఇదిగో ఎవారిస్తో. నన్ను సరిహద్దు దాటించేస్తే నా చిలక్కి గింజలెయ్యి."

"నీ చిలక నన్ను బూతులు తిడుద్దక్కా!"

"పడు. మీ ఆవిడ దగ్గర అలవాటేగా."

నవ్వుతూ తాళంచెవి తీసుకున్నా, అక్క లోపలికెళ్ళింది. బయటే నిలబడ్డా. ఎండెక్కింది, అక్క రాలేదు. చేతిలో తాళంచెవి చెమటకి తడిసిపోయింది.

అంతలో రోడ్డు మీద పోలీసు జీపు! స్టేషన్ వెనక గేటు నుంచి ఎప్పుడెళ్ళారో! ముందు సీట్లో అక్క! వెనకాల తాడుతో కట్టిన తమాలెల బండి! రోడ్డు పక్క పొలాల్లో కూలీలందరూ ఒకటే ఈలలు.

"పోలీసోడు కాగితాలడిగాడా అక్కా?"

"బండి ఏ రంగని అడిగాడ్రా! అంతే!" అంటూ కిందికి దూకింది. "తాళంచెవి ఇటియ్యి, అవతల పిండి పులిసిపోతోంది."