చెప్పి ముట్టుకున్న చేతులు

బడులు తెరిచే రోజుల్లో దర్జీకి ఊపిరి సలపదు. ఆ వేళ కూడా గజపతినగరంలో నా కొట్టు నిండా యూనిఫారాల గుడ్డలే. మధ్యాహ్నం మిషన్ తొక్కుతుంటే కుట్టు ఆగి ఆగి పడుతోంది. బెల్టు వదులైందనుకుని బిగించాను, నూనె వేశాను. అయినా పెడల్ బరువుగానే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మిషన్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. లేవబోతే మోకాళ్లు మడతపడి మళ్లీ స్టూలు మీదే కూలబడ్డాను. అరికాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. అంతకు ముందు వారం ఒక పెళ్లి భోజనం పడక విరేచనాలు పట్టుకున్నాయి. ఆ నీరసమే అనుకుని స్నేహితుడి బండెక్కి మా ఊరు వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున్న మరుగుదొడ్డిలో కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. నాన్నను కేకేశాను.

మా నాన్న గురించి ఇక్కడే చెప్పాలి. చోళ్లు, అదే రాగులు, గోగునార, కాస్త వరి పండించే రైతు. మాట తక్కువ. చిన్నప్పుడు నేను పడితే పరుగున వచ్చి ఎత్తుకోవడం ఆయనకు తెలియదు. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుని, "లెగు. ఉన్నాను" అనేవాడు. దెబ్బ తగిలిందేమో కళ్లతోనే చూసుకునేవాడు. ఎంత పని ఉన్నా నేను లేచేదాకా కదిలేవాడు కాదు. నాయనమ్మ ఆయన్ని రాతిగుండె వాడని తిట్టేది. నేనూ ఆవిడ పక్షమే.

ఆ పొద్దున్న కూడా గుమ్మంలో గొంతుక్కూర్చుని అదే మాట అన్నాడు. గోడ పట్టుకుని ఒకసారి లేవబోయాను, మళ్లీ లేవబోయాను. నాన్న నా కాళ్ల వంక చూస్తూ చూస్తూ లేచి వచ్చి, తుండుగుడ్డ చుట్టి నన్ను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. నాకు భయం వేసింది అప్పుడే.

దగ్గర్లోని డాక్టరు నీరసమని బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ చేశాడు. సాయంత్రానికి చేతిలో గ్లాసు నిలవలేదు. విజయనగరం తీసుకెళ్తే అక్కడి డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశాడు. కాళ్లు ఉలకలేదు. "రిఫ్లెక్సెస్ లేవు. జీబీఎస్ అనుకుంటున్నాను. ఇది పైకి పాకుతుంది. ఊపిరి దాకా రాకముందే వెంటిలేటర్ ఉన్న చోటికి వెళ్లిపోండి" అన్నాడు. అంబులెన్సులో అమ్మా, నాన్నా, నేనూ విశాఖపట్నం చేరాం. గిలియన్ బారీ సిండ్రోమ్ అని అక్కడ విడమరిచి చెప్పారు. రోగాన్ని తరమాల్సిన శక్తే తిరగబడి నరాలను కొరుకుతుందట.

నర్వ్ కండక్షన్ టెస్ట్ అయ్యాక, వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ అన్నారు. చిన్న డాక్టరు చీమ కుట్టినట్టు ఉంటుందని ధైర్యం చెప్పాడు. అమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "నొప్పెడతాది బాబూ. నడుం కాడ సూది గుచ్చుతారు. కదలకు. అయిపోగానే నాను సెప్తాను."

అమ్మది మొదటినుంచీ అదే పద్ధతి. మా వీధిలో పిల్లలకు టీకా వేయించాలంటే తల్లులు తీర్థానికని చెప్పి బయల్దేరదీసేవారు. మా అమ్మ మాత్రం ముందే చెప్పేది, ఇంజెక్షన్‌కి వెళ్తున్నాం, నొప్పెడుతుంది, ఆ తర్వాత జీళ్లు కొంటానని. నా ఏడుపంతా ఇంటి దగ్గరే అయిపోయేది, సూది దగ్గరకు వచ్చేసరికి మిగిలేది కాదు. తలంటు పోసినా చెప్పి పోసేది, ముల్లు తీసినా చెప్పి తీసేది.

ఐవీఐజీ అనే ఖరీదైన మందు ఎక్కించడం మొదలుపెట్టారు. జబ్బు దాన్ని లెక్క చేయలేదు. చేతులు పోయాయి, మింగడం పోయింది, మాట ముద్దయింది. ఒక సాయంత్రం ఊపిరి అందలేదు. తెలివి వచ్చేసరికి నోట్లో గొట్టం, పక్కన వెంటిలేటర్. కొన్నాళ్లకు ట్రకియాస్టమీ అని గొంతుకు రంధ్రం పెట్టి, గొట్టాన్ని అందులోకి మార్చారు. రెప్పలు పడక కళ్లకు ప్లాస్టరు అంటించారు.

మెదడు మాత్రం పూర్తిగా పని చేస్తోంది. అన్నీ వినబడుతున్నాయి, అన్నీ తెలుస్తున్నాయి. బతికుండగానే పాతిపెడితే ఇలాగే ఉంటుందనిపించింది. ముక్కు దురద పెడితే దానంతట అది తగ్గాల్సిందే. హఠాత్తుగా ఎవరో పక్కకు దొర్లించేవారు. హఠాత్తుగా గొంతులోకి కఫం లాగే సక్షన్ గొట్టం దిగేది. తప్పు పట్టడం లేదు, వాళ్లకు ఎన్నో మంచాలు. కానీ ఏ క్షణాన ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందో తెలియని భయం నొప్పి కన్నా పెద్దది. ఆపమనడానికి కదిపే వేలు కూడా లేదు నాకు.

పొద్దున్న, సాయంత్రం కాసేపు అమ్మను లోపలికి పంపేవారు. "నానే. నుదురు తుడుస్తన్నాను, తడిగుడ్డ, సల్లగా ఉంటాది" అనేది. ఆ తర్వాతే గుడ్డ తగిలేది. "ఇప్పుడు ఎడం సెయ్యి." ఆ తర్వాతే చెయ్యి లేచేది. వార్డు మొత్తం మీద నన్ను ఇంకా మనిషి కింద లెక్కగట్టింది అమ్మ ఒక్కతే అనిపించి, లోపల ఏడ్చేవాణ్ణి. అదీ బయటకు వచ్చేది కాదు.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఏమీ కాదు, తగ్గిపోతుంది అనేవారు. ఆ మాట అమ్మ నోట వినాలని నా ఆశ. న్యుమోనియా పట్టి, జ్వరం దిగక, డాక్టరు నా మంచం పక్కనే "రెస్పాన్స్ రావట్లేదు, ఏమీ చెప్పలేం" అన్న రోజున కూడా అమ్మ ఆ మాట అనలేదు.

"తగ్గుతాదో లేదో నాకు తెలీదు నాయనా. రేపొద్దున్న వస్తాను, అదొక్కటే తెలుసు. మీ నాన్న ఈ తలుపెదురుగా నేల మీద కూకున్నాడు. కుర్సీ ఏసినా లెగడు."

నాన్న ఎందుకు కూర్చున్నాడో నాకు తెలుసు. నేను పడ్డాను కదా. ఆ రాత్రంతా ఆ రెండు సంగతులే పట్టుకుని ఉన్నాను. తెల్లవారాక అమ్మ వచ్చింది.

కొన్నాళ్లకు ఒక నర్సమ్మ కూడా "అన్నా, సక్షన్ చేస్తున్నా" అని చెప్పి చేయడం మొదలుపెట్టింది. అమ్మను చూసి నేర్చుకుందో ఏమో, అడగలేదు. జ్వరం దిగింది. ముందు భుజం కదిలింది, తర్వాత పెదవి. ఊపిరి నా సొంతమయ్యేసరికి వానలు వెళ్లిపోయాయి.

ఇంటికి వచ్చాక ఫిజియోథెరపీ. చాప మీంచి లేవడం నా వల్ల కాలేదు. చుట్టాలు జాలిపడి రెక్కలు పట్టి లాగితే భుజం బెణికింది. నాన్న అందర్నీ పంపేసి ఎదురుగా కూర్చున్నాడు. లేవలేక ఏడ్చాను, తిట్టాను. ఆయన కదల్లేదు. అలా నెలలు గడిచాయి. ఒక పొద్దున్న మంచంకోడు పట్టుకుని నిలబడ్డాను. నాన్న నన్నొకసారి చూసి, గేదెకు గడ్డి వేయాలని వెళ్లిపోయాడు. దొడ్లో ముక్కు చీదుకోవడం వినబడింది.

ఇప్పుడు నా మిషన్‌కు మోటారు పెట్టించాను. పాదాలు వేలాడతాయి, కాళ్లకు స్ప్లింట్ పట్టీలు లేకపోతే నడవలేను. చేతి పట్టు పూర్తిగా రాలేదు, హుక్కులు అమ్మే కుడుతుంది. పట్టు దొరకని చోట నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. ఇంతకన్నా రాదనే డాక్టర్లు చెప్పారు. అమ్మానాన్నలను చూసుకోవాల్సిన వయసులో వాళ్ల చేత చేయించుకోవడం నాకు మింగుడుపడదు.

మొన్న వానల్లో నాన్నకు అన్నం పట్టుకెళ్తే, ఆయన చేను గట్టు మీంచి జారి బురదలో పడి ఉన్నాడు. కాలు కదపలేకపోతున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. పక్క చేను రైతుకు ఫోన్ చేశాను, వస్తున్నానన్నాడు. నా చేతులు చూసుకున్నాను. వాటితో ఆయన్ని లేపలేను. చేతికర్ర పక్కన పెట్టి ఆయన ఎదురుగా బురదలోకి దిగబోయాను.

"కూకోకురా, మరి లెగలేవు" అన్నాడు నాన్న.

కూర్చున్నాను. "నాన్నా, నీ బుజం మీద సెయ్యేస్తన్నాను" అని చెప్పి వేశాను. ఆయన కళ్లు మూసుకుని తల నా చేతికి ఆనించాడు. ఆ రైతు వచ్చి ఇద్దర్నీ లేపేదాకా అలాగే ఉన్నాం.

నా అనుభవంతో చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో కదల్లేని మనిషి ఉంటే, స్పృహ లేదని ఎవరన్నా సరే, ముట్టుకునే ముందు చెప్పండి. వెళ్లేటప్పుడు మళ్లీ ఎప్పుడొస్తారో చెప్పండి. చెప్పిన వేళకు రండి.