శాలువాకు ముందు తీసిన ఫొటో

మా చెల్లెను పోలీసులు పట్టుకున్నారన్న సంగతి నాకు మొదట చెప్పింది భూపాలపల్లి బావ. మా మేనమామ కొడుకు, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున జనగామలో నేను చాయ్ తాగుతుండగా ఫోన్ చేశాడు.

"బావా, మీ చెల్లె ఎప్పటిసంది చేస్తున్నది గీ దందా? జర మాకు గూడ చెప్పకపోతిరి."

తర్వాత ఫొటో పంపాడు. గార్ల దగ్గరి ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేసే మా చెల్లె, ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ల నడుమ నిలబడి ఉంది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ముందు బల్ల మీద సెల్‌ఫోన్లు కుప్పగా ఉన్నాయి. కింద రాత: "ఓటీపీలు అడిగి తల్లుల ఖాతాలు ఊడ్చే మహిళ పట్టివేత. బాధ్యత గల పౌరులుగా అన్ని గ్రూపులకూ పంపండి."

బావ బాధ్యత గల పౌరుడే. నాకు ఫోన్ చేయడానికి ముందే వాళ్ల క్వార్టర్ల గ్రూపులో పెట్టేశాడు. ఎందుకు పెట్టావని అడిగితే, మనామె అని తర్వాత పోల్చుకున్నానని అన్నాడు.

నిజానికి ఆ ఫొటోలో అబద్ధం ఏమీ లేదు. అది తీసింది మహబూబాబాద్‌లో జరిగిన సైబర్ మోసాల అవగాహన సదస్సులో. అంతకు కొన్నాళ్ల ముందు, సెంటర్‌కు వచ్చిన ఒక తల్లికి ఎవడో ఫోన్ చేశాడు. బిడ్డ పేరు మీద సర్కారు పైసలు వచ్చాయి, ఖాతాలో వేయాలంటే ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పమన్నాడు. ఆమె చెప్పబోతుంటే మా చెల్లె ఫోన్ అందుకుని, పైసలు పట్టుకొని సెంటర్‌కే రమ్మని, చాయ్ కూడా పోస్తామని చెప్పింది. వాడు రాలేదు. మా చెల్లె మాత్రం ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఆ మాట పోలీసుల దాకా పోయి, సదస్సులో ఆమెకు సన్మానం పెట్టారు.

పోయిన సెల్‌ఫోన్లను వెతికి సొంతదారులకు తిరిగి ఇచ్చే కార్యక్రమం కూడా అదే రోజు పెట్టుకున్నారు. ఒకే టెంటు, రెండు పనులు. బల్ల మీది ఫోన్లు అవే. శాలువా తేవడానికి పోయిన మనిషి ఇంకా రాలేదు. ఈలోగా ఒకటి తీసుకుందామన్నాడు ఫొటోగ్రాఫర్. అంతమంది ముందు నిలబడడం సిగ్గనిపించి మా చెల్లె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. శాలువా కప్పిన ఫొటో తర్వాత తీశారు. అందులో ఆమె నవ్వుతోంది. అది ఎవరికీ అక్కరకు రాలేదు.

పేపరు జిల్లా పేజీలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి కాబట్టి, ఆ ఫొటోను జనం ఎట్లా చదువుతారో చూడగానే అర్థమైంది. పోలీసుల మధ్య మనిషి, మూతికి గుడ్డ, ముందు బల్ల, బల్ల మీద సొత్తు. జనగామ గొలుసు దొంగైనా, భూపాలపల్లి గంజాయి కేసైనా పేపర్లో ఇట్లాగే కనిపిస్తారు. వార్త చదవక్కరలేదు, బల్ల చూస్తే చాలు. దానికి రాత రాసినవాడెవడో గాని, పేపరు బాగా చూసే అలవాటున్నవాడు.

పరువు గురించిన దిగులు చెల్లెకు తొందరగానే తీరింది. ఊళ్లో ఆమెను ఎరగనివాళ్లు లేరు. అసలు చిక్కు వేరే వచ్చింది. చిన్నపిల్లలకు ఇంటికి ఇచ్చే బాలామృతం ప్యాకెట్ తల్లికి అందినట్టు యాప్‌లో ఎక్కించాలి. ఎక్కించాలంటే తల్లి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ ఓటీపీని మా చెల్లె అడగాలి. ఎవరికీ చెప్పొద్దని ఊరంతా తిరిగి చెప్పిన మనిషే, నెల తిరిగేసరికి అదే ఓటీపీ కోసం తల్లుల ముందు చెయ్యి చాపాలి. ఫొటో రాకముందు ఈ రెండింటికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

నేను రైలెక్కి గార్లలో దిగి ఆ ఊరు చేరేసరికి ప్యాకెట్లు గోడవారన పేర్చి ఉన్నాయి. తల్లులు గుమ్మం బయటే నిలబడ్డారు. ముందున్నామె ఫోన్ మోగింది.

"వచ్చిందా?" అని అడిగింది మా చెల్లె.

"వచ్చింది టీచరమ్మా," అని ఆమె ఫోన్‌ను కొంగులో చుట్టుకుంది. "నువ్వే చెప్పినవ్ గదా, ఎవ్వలడిగినా చెప్పొద్దని."

"గది బయటోళ్లకు. నేనడిగితే గూడనా?"

"ఎవ్వలడిగినా అంటే ఎవ్వలడిగినా అనే గదా."

వెనక నుంచి ఒక అవ్వ సర్దిచెప్పింది. చంకలో మనవరాలు ఉంది. సెంటర్ పిల్లల్లో అందరికంటే బరువు తక్కువ ఆ పిల్లే. "పరేషాన్ కాకు బిడ్డా. నువ్వు దొంగవని మేమంటలేం. కాని ఫోన్ల వచ్చింది గదా, ఉత్తగనే వస్తదా?"

పాఠం ఇంత బాగా ఒంటబట్టిన తరగతిని నేను ఎక్కడా చూడలేదు. తండా నుంచి వచ్చినవాళ్లలో చదువు రానివాళ్లకు కూడా సంగతి చేరింది. ఎవరో పుణ్యాత్ములు ఆ రాతను వాళ్ల భాషలో వాయిస్ మెసేజ్ చేసి పంపారు. రాతలో లేని ఊరి పేరు అందులో చేరింది.

నాకు తెలిసిన వైద్యం ఒకటే, సవరణ వేయడం. పేపర్లో తప్పు పడితే మర్నాడు అదే పేజీలో ఒక మూలన చిన్న అక్షరాల్లో వేస్తాం. ఎవరూ చదవరు, వేశామన్న తృప్తి మిగులుతుంది. ఇక్కడ పేజీ ఏదో, మూల ఏదో తెలియదు. శాలువా ఫొటో పెట్టి, జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి, ముందు నీ గ్రూపులో పెట్టమని బావకు పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు.

"పెట్టిన బావా. నమ్మతలేరు."

ఎందుకని అడిగాను.

"గిప్పుడు ఏఐతోని శాలువా గూడ కప్పుతరట. మొదటి ఫొటోనే అసలుదంటున్నరు. ఫార్వర్డ్ చేసే ముందు జర నిజమో కాదో చూసుకోవాలె పెద్దమనిషీ అని నాకే బుద్ధి చెప్పిన్రు."

పోలీసులు మా ఫిర్యాదు తీసుకున్నారు. మర్యాదగా కుర్చీ వేశారు, ఆ రాత అబద్ధమని ప్రకటన కూడా పంపారు. అదీ గ్రూపుల్లోకి పోయింది, శాలువా ఫొటో పోయినట్టే.

చివరికి దారి కనిపెట్టింది చెల్లెనే. తన ఫోన్‌లో యాప్ తెరిచి తల్లుల చేతికిచ్చి, నంబరు మీరే కొట్టుకోండని, తాను గోడ వైపు తిరిగి నిలబడింది. చదువు రానివాళ్లకు పక్కనున్న తల్లులు అంకెలు చూపించారు. తండా ఆమె ఒకతె కొట్టడం అయ్యాక, ఇక తిరగమన్నట్టు భుజం తట్టింది. ఒక్కొక్క ప్యాకెట్ గడప దాటింది. తన సెంటర్‌లో తాను గోడకు మొహం పెట్టి నిలబడడం చెల్లెకు ఎట్లా అనిపించిందో నేను అడగలేదు.

మిగిలింది ఆ అవ్వ ఒక్కతే. కోడలు హైదరాబాద్‌లో పనిచేస్తుంది, ఓటీపీ ఆమె ఫోన్‌కే పోతుంది. ఫొటో ఆమెకూ చేరింది. సెంటర్ నంబరు, మా చెల్లె నంబరు రెండూ బ్లాక్ చేసింది. అవ్వ తన ఫోన్ నుంచే మాట్లాడింది. నేను పక్కనే ఉన్నాను.

"నేనేనే, మీ అత్తను. టీచరమ్మ మంచిదే, గా నంబరేదో చెప్పు. పిల్లకు తిండి."

అవతల నుంచి కోడలి గొంతు మెల్లగా వినిపించింది: "గామె పక్కకుండి మాట్లాడిపిస్తున్నదా అత్తమ్మా?"

అవ్వ ఫోన్ పెట్టేసి, ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక నా మీద కోపగించుకుంది. పేపరాయన చెల్లె మాటే చెల్లకపోతే ఇక తన మాట ఎవరు నమ్ముతారంది.

ఫొటోకు ఆ రాత పెట్టింది ఎవరో ఇంకా తెలియలేదు. అవ్వ మనవరాలి ప్యాకెట్ సెంటర్ బీరువాలోనే ఉంది.