ఔట్‌హౌస్‌లో మస్తాన్ చాచా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో ఒక పాత నవాబుగారి భవంతిని జాతీయ చరిత్ర మ్యూజియంగా మార్చే పని మా సంస్థకు వచ్చింది. సైట్ ఇంజనీరుని నేనే. ఇలాంటి పనిని మేము అడాప్టివ్ రీయూజ్ అంటాం: పాత కట్టడం రూపు చెడకుండా దాన్ని కొత్త అవసరానికి తీర్చిదిద్దడం.

డ్రాయింగ్ ప్రకారం వెనకున్న ఔట్‌హౌస్‌ను తీసేసి అక్కడ ఫైర్ ఎగ్జిట్ మెట్లు కట్టాలి. నిప్పు అంటుకుంటే సందర్శకులు బయటపడే దారి అది. అది లేకపోతే అనుమతి రాదు. ఆ ఔట్‌హౌస్‌లో పాత వాచ్‌మన్ మస్తాన్ చాచా, ఆయన భార్య రహమత్ బీ ఉంటున్నారు. వాళ్ళకు ఖాళీ చేయమని చెప్పే పని నా మీద పడింది.

నేను వెళ్ళేసరికి చాచా గోడను వేళ్ళతో తడుముకుంటూ నీళ్ళ బిందెతో వస్తున్నాడు. గ్లకోమాతో చూపు పోయి చాలా కాలమైందట. సంగతి చెబితే బిందె దింపి లోపలికి వెళ్ళిపోయాడు. రహమత్ చాచీ నన్ను పక్కకు తీసుకెళ్ళింది.

"జాగ పోతదని కాదు మేడం. ఈడైతే ఆయన ఒక్కడే తిరుగుతడు. కొత్త జాగల ఓ మూలకు కూసుంటడు. గదే నా పరేషాన్."

మెట్లను ఇంకో వైపు మార్చొచ్చేమోనని ఆర్కిటెక్టుతో చాలాసార్లు కూర్చున్నాను. ఎటు జరిపినా భవంతి అసలు గోడలు పగలగొట్టాల్సి వచ్చేది. కుదరలేదు. అధికారులను ఒప్పించి బోయిగూడలో ఒక భవనం కింది అంతస్తులో వాళ్ళకో గది ఇప్పించాం. సామాను చేరకముందే గది నుంచి నల్లా దాకా, అక్కణ్ణుంచి గల్లీ మొదలు దాకా గోడ వెంట హ్యాండ్‌రెయిల్, అంటే పట్టుకుని నడిచే ఇనుప కడ్డీ వేయించాను. మొదట్లో చాచా దాన్ని ముట్టుకోలేదు. ఒకసారి పడ్డాడు కూడా. కొన్నాళ్ళకు చాచీ ఫోన్ చేసి, ఆయన ఒక్కడే హోటల్‌కి పోయి చాయ్ తాగి వచ్చాడని చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

మ్యూజియం గ్యాలరీల్లోనూ అలాంటి కడ్డీ వేయించాను. అప్పటిదాకా చూపులేని సందర్శకుడు మా ఎవరి ఆలోచనలోనూ లేడు.

మ్యూజియం తెరిచాక ఇద్దరినీ పిలిచాను. చాచా గ్యాలరీలన్నీ నడిచి, వెనక వాకిట్లోకి వచ్చాక తన గది ఉన్నచోట ఇప్పుడేముందని అడిగాడు. మెట్లున్నాయని, అవి ఎందుకో కూడా చెప్పాను. వంగి మెట్టు మీద చెయ్యి ఆనించాడు.

"మంచిదే బిడ్డా. ఏమన్నయితె గింత మంది ఈడికెళ్ళి పానంతోని బయటపడ్తరు గద."

ఆ తర్వాత ఏ పాత కట్టడం పని వచ్చినా, కొలతల టేపు తీసే ముందు అక్కడ ఉంటున్నవాళ్ళ దగ్గర కూర్చుంటున్నాను. వాళ్ళను కదపక తప్పని చోట్లు ఉంటాయి. ఏం పోతుందో వాళ్ళ నోట విన్నాకే డ్రాయింగ్ మీద గీత గీస్తున్నాను.